మూత తీయని లెన్సు

"తాళంచెవి ఇస్తావా, బీరువా పగలగొట్టమంటావా?"

పెద్దకొడుకు ఈ మాట మొదట గుమ్మం బయట నిలబడి అన్నాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి అన్నాడు. ఇప్పుడు గది మధ్యలో నిలబడి అంటున్నాడు. గొంతు పెరిగింది తప్ప మాట మారలేదు. కొత్త మాట దొరకాలంటే బుర్ర పనిచెయ్యాలి కదా.

అమ్మ మంచం అంచున కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. తలగడ వైపు మంచానికి బిగించిన చిన్న దీపం మెడ వంచుకుని సూది మీద వెలుగు పోస్తోంది. ఆమె దారం పళ్ళతో కొరికి, తలెత్తకుండానే అంది.

"పగలగొట్టరా. మీ నాన్న కొన్నవాటిలో నువ్వింకా పగలగొట్టకుండా మిగిల్చింది ఆ బీరువా ఒక్కటే."

"అమ్మా, నేను నవ్వులాటకి రాలేదు."

"నాకూ నవ్వు రావట్లేదు. వెలుగుకి అడ్డం నిలబడ్డావు, పక్కకి జరుగు."

జరిగాడు. అదీ అతని పౌరుషం.

హాల్లో భోజనాల బల్ల మీద ఈ గొడవకంతటికీ కారణమైన లెన్సు కూర్చుని ఉంది. నల్లగా, లావుగా, ముందు మూత బిగించుకుని, చల్లారిన కూరగిన్నెకీ మంచినీళ్ళ కూజాకీ మధ్య కొత్తల్లుడిలా కూర్చుని ఉంది. దాన్ని జరిపి కంచాలు సర్దే ధైర్యం ఎవరికీ లేదు.

పొద్దున పాత కెమెరాల కొట్లో దాన్ని కొన్నాడు పెద్దవాడు. అచ్చం నాన్న లెన్సు లాంటిదే ఇంకోటి దొరికిందని మురిసిపోతూ ఇంటికి తెచ్చాడు. కెమెరాకి బిగిద్దామని వెనక మూత తిప్పి తీస్తే అంచు మీద ఎర్రటి చుక్క కనిపించింది. గోళ్ళ రంగు చుక్క. లెన్సు ఎక్కడ పెట్టి తిప్పాలో గుర్తుండడానికి కంపెనీవాడు వేసిన చుక్క ఎప్పుడో అరిగిపోతే, తండ్రి తన భార్య గోళ్ళ రంగు సీసా తీసుకుని అగ్గిపుల్లతో కొత్త చుక్క పెట్టాడు. చెయ్యి జారి చుక్కకి తోక కూడా వచ్చింది. అలాంటి తోక మరో లెన్సుకి ఉండదు.

అంటే ఇది నాన్న లెన్సు లాంటిది కాదు. నాన్న లెన్సే. అమ్మ బీరువాలో, తోలు పెట్టెలో, తాళం కింద ఉండాల్సినది.

అది బీరువాలోకి ఎందుకు వెళ్ళిందో వీధిలో అందరికీ తెలుసు. తండ్రి పోయాక అన్నదమ్ములు పంపకాలకి కూర్చున్నారు. బుద్ధున్నవాళ్ళు గదులు పంచుకుంటారు, మధ్యలో గోడ కట్టుకుంటారు. వీళ్ళు ఫోటోని పంచుకున్నారు. ఇంటి కింద ఉన్న స్టూడియో, కెమెరాలు, తెరలు పెద్దవాడికి. లైట్లు, స్టాండ్లు చిన్నవాడికి. చిన్నవాడు వాటిని రిక్షాలో వేసుకుని, ఒక చవక కెమెరా కొనుక్కుని, బజారుకి ఆ చివర వేరే షాపు పెట్టాడు. అప్పట్నుంచి పెద్దవాడు తీసిన ఫోటోల్లో జనం చీకట్లో పట్టుబడ్డ దొంగల్లా ఉంటారు. చిన్నవాడు తీసిన ఫోటోల్లో చక్కటి వెలుగులో ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టు ఉంటారు. ఇద్దరూ హాయిగా ఉన్నారు, ఎదుటివాడి ఫోటోలు బాగా రావట్లేదని.

తెగనిది ఈ లెన్సు ఒక్కటే. తండ్రి పేరంతా దానితోనే వచ్చింది. నాదంటే నాదని ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వస్తే అమ్మ దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పట్నుంచి ఆ తాళంచెవి ఆమె నడుము దిగలేదు.

"నాకిద్దామనే అమ్మ దాచింది" అని పెద్దవాడు ఊరంతా చెప్పుకున్నాడు. చిన్నవాడూ అదే చెప్పుకున్నాడు.

పెద్దవాడు గదిలోంచి హాల్లోకి వచ్చాడు. అమ్మ మీద పనిచెయ్యని గొంతు ఇంకెవరి మీదైనా పనిచేస్తుందేమో చూడాలి కదా. భార్య కనిపించింది.

"నీ పనే కదూ ఇది?"

పెద్దకోడలు కంచాల మీద మూతలు పెడుతోంది. చెయ్యి ఆగలేదు.

"ఏది నా పని?"

"అమ్మ నిద్రపోయినప్పుడు తాళంచెవి తీశావు. లెన్సు తీసుకెళ్ళి కొట్టువాడి మొహాన కొట్టావు."

"మీ అమ్మగారి నడుముకున్న చెవి నేను తియ్యడమా? ఆవిడ నిద్రలో కూడా దాన్ని గుప్పెట్లో పెట్టుకుంటారు. పోనీ తీశాననే అనుకోండి. అమ్ముకుంటే నాకేం ఒరిగింది? మీరు నా ఒంటిమీద ఏదైనా కొత్తది చూశారా? చూడరులెండి. నేను ఏ చీర కట్టానో మీరు చూసి ఎన్నాళ్ళైందో నాకూ గుర్తులేదు."

"మాట మార్చకు."

"మార్చలేదు. ఇరవైమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఫోటో తీసి, అందులో ఒకావిడ కళ్ళు మూసుకుందని కూడా చూసుకోని మనిషి నన్ను నిలదీస్తుంటే నవ్వొస్తోంది, అంతే."

"నువ్వు కాకపోతే నీ తమ్ముడు."

నీ తమ్ముడు అన్న ఆ మనిషి బల్ల చివర ముక్కాలిపీట మీద ముడుచుకుని కూర్చుని, వడ్డించిన కంచం వైపు దొంగచూపులు చూస్తున్నాడు. వీధిలో అందరూ అతన్ని గొడుగు అంటారు. ఎక్కడ ఫోటో తియ్యడానికి పిలిచినా లైటుకి తగిలించే తెల్లటి గొడుగు చంకలో పెట్టుకుని పోతాడు. ఆ గొడుగు కింద లైటు ఎప్పుడో కానీ వెలగదు. అక్క ఇంట్లో తిండి మాత్రం రోజూ దొరుకుతుంది.

"నేనా బావా?" అన్నాడు గొడుగు. "నేనే దొంగిలించి, నేనే అమ్మి, మళ్ళీ దాన్నే మీతో కొనిపిస్తానా? పొద్దున మీ పక్కనే ఉన్నాను కదా. నాకంత నటన వస్తే ఇక్కడెందుకుంటాను?"

"పక్కనే ఉండి ఏం వెలగబెట్టావు? అది నాన్న లెన్సని చెప్పలేకపోయావా?"

"మీ నాన్నగారిని నేను ఫోటోలోనే చూశాను. అది కూడా మీరు తీసిన ఫోటో. అందులో ఆయనే సరిగ్గా కనపడరు, ఇంక లెన్సేం కనపడుతుంది?"

పెద్దకోడలు మొహం పక్కకి తిప్పుకుంది. నవ్విందో ఏమో.

"మూత తీసి చూద్దాం బావా అని నేను అన్నానా లేదా?" గొడుక్కి ధైర్యం వచ్చింది. "టార్చి కూడా తీశాను. పాత లెన్సు కొనేటప్పుడు అటువైపు నుంచి లైటు వేసి, ఇటువైపు నుంచి ఏటవాలుగా చూడాలి, లోపల గాజులో ఏమున్నా అప్పుడే తెలుస్తుంది అన్నాను. మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"'లోపల పెట్టుకో ఆ టార్చి, పరువు తియ్యకు' అన్నారు. మూత తీస్తే మనకి ఆశ పుట్టిందని కొట్టాయనకి తెలిసిపోతుందన్నారు. దాన్ని ఇలా రెండు వేళ్ళతో ఎత్తారు, చచ్చిన ఎలుకని ఎత్తినట్టు. మూతి విరిచారు. 'ఇదెవడు కొంటాడు?' అన్నారు. కింద పెట్టి, పక్కనున్న చెత్త లెన్సు తీసుకుని దాని మూతలు రెండూ తీసి తెగ చూశారు. కొననిదాన్ని అంత శ్రద్ధగా చూసిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు."

అది తండ్రి నేర్పిన విద్య. కావలసిన వస్తువుని కళ్ళతో చూడకూడదు. దాన్ని అసహ్యించుకోవాలి, వెళ్ళిపోవాలి, మళ్ళీ ఏదో మర్చిపోయినట్టు వెనక్కి రావాలి. తండ్రి కొడుకులిద్దరికీ ఫోటో తియ్యడం కూడా నేర్పాడు కానీ అది ఒంటబట్టలేదు. ఇది మాత్రం నరనరానా పట్టింది.

"లైటు సంగతీ అంతేగా," గొడుగు ఆగలేదు. "పోయిన నెల ఆ పలకలాంటి లైటు కొన్నప్పుడు మీ చెయ్యి మీద వేసి చూడండి బావా, చర్మం ఏ రంగులో కనపడుతుందో చూద్దాం అన్నాను. అక్కర్లేదన్నారు. ఇప్పుడు దాని కింద కూర్చున్న ప్రతివాడికీ కామెర్లే. మొన్న ఒకాయన ఫోటో తీసుకెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడట."

"నోర్ముయ్!"

"మూస్తాను బావా. మూసే ముందు ఒక ముద్ద తినచ్చా?"

పెద్దవాడు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. కూజా కదిలింది. లెన్సు కదల్లేదు.

"అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నా ఇల్లు దోచుకుంటున్నారు. ఇవాళ తేలాలి. లేకపోతే ఇద్దరూ ఈ గడప దాటాల్సిందే!"

అప్పుడు పెద్దకోడలి చెయ్యి ఆగింది. చేతిలో ఉన్న మూత కంచం మీద పెట్టలేదు, కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడింది.

గదిలో మంచం కిర్రుమంది.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. గుండీ కుట్టడం అయిపోయినట్టుంది, చొక్కా మడిచి చేతి మీద వేసుకుంది. అది పెద్దవాడి చొక్కాయే.

"దాన్నెందుకంటావురా? రా, చూపిస్తాను."

నడుము నుంచి తాళంచెవి తీసింది. ఎవరూ అడక్కుండానే అందరూ ఆమె వెనక నడిచారు. గొడుగు కూడా కంచం వైపు చివరి చూపు చూసి లేచాడు.

బీరువా తలుపు తెరుచుకుంది. పై అరలో గోధుమరంగు తోలు పెట్టె, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అమ్మ బీరువా తుడిచే రోజు అన్నదమ్ములిద్దరికీ ఎలా తెలిసేదో తెలిసేది. ఏదో పనున్నట్టు వచ్చి, పెట్టె ఉందో లేదో వారగా చూసుకుని పోయేవాళ్ళు.

పెద్దవాడి మొహం విప్పారింది. "ఉంది! పెట్టె ఉంది!"

"పెట్టె ఎక్కడికి పోతుంది?" అంది అమ్మ. "తెరువు."

తెరిచాడు. లోపల పాత తాళంకప్ప ఉంది. చెవి ఎప్పుడో పోయిన ఇత్తడి తాళంకప్ప. పెట్టె తేలిపోకుండా ఆ బరువు పెట్టారన్నమాట.

పెద్దవాడు తాళంకప్ప ఎత్తి కింద కూడా చూశాడు.

"నువ్వా?" అన్నాడు పెద్దవాడు.

"నేనే."

"అమ్మావా?"

"అమ్మలేదు. మార్చుకున్నాను. అదిగో," అంటూ మంచం వైపు గడ్డం ఎత్తి చూపించింది. మెడ వంచుకున్న చిన్న దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. "సూదిలో దారం ఎక్కట్లేదని మీ ఇద్దరికీ చెప్పాను. నువ్వు చిన్నోణ్ణి అడగమన్నావు, లైట్లు వాడి వాటా అని. వాడు నిన్ను అడగమన్నాడు, నేనుండేది నీ ఇంట్లో అని. కొట్టాయన ఇచ్చాడు. మంచి దీపం. నీ చొక్కా గుండీలన్నీ దాని కిందే కుట్టాను. ఎక్కడిదని ఒక్కరోజైనా అడిగావా?"

"నాన్న లెన్సు ఇచ్చి... దీపం కొన్నావా? అమ్మా, నీకు మతి ఉందా? దాని విలువ తెలుసా?"

"నీకు తెలుసా?"

"తెలియకపోతే..."

"తెలిస్తే ఎందుకడగలేదు?" అమ్మ గొంతు పెరగలేదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు. "అది నా దగ్గరున్నన్నాళ్ళలో నువ్వు గానీ వాడు గానీ అమ్మా, ఒకసారి దాన్ని చేతికియ్యి, చూసి ఇచ్చేస్తాను అన్నారా? తుడుస్తాను అన్నారా? ఇద్దరూ వచ్చి అడిగింది ఒకటే, రెండోవాడికి ఇవ్వలేదు కదా అని. ఇవ్వలేదంటే కడుపు నిండి పోయేవాళ్ళు."

పెద్దవాడు తోలుపెట్టె మూసేశాడు.

"వానల్లో ఒకరోజు నేనే తీసి చూశాను. కిటికీ దగ్గర పట్టుకుంటే లోపల తెల్లగా ఉంది. బయట కాదు, లోపల. గుడ్డతో తుడిస్తే పోలేదు. కొట్టాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన టార్చి వేసి చూసి, అమ్మా దీనికి ఫంగస్ పట్టింది, గాజు తినేసింది, తోలుపెట్టెలో గాలి తగలకుండా చీకట్లో పెడితే అంతే అన్నాడు. ఇంక బాగవదన్నాడు. షోకేసులో అందంగా ఉంటుంది, ఇవ్వండి అన్నాడు. ఇచ్చేశాను. మళ్ళీ దాన్ని కొనే మహానుభావుడు నా కడుపునే పుట్టాడని నాకేం తెలుసు?"

పెద్దవాడు హాల్లోకి పరిగెత్తాడు. ముందు మూత ఊడబెరికాడు. గొడుగు టార్చి అందించాడు, ఈసారి లోపల పెట్టుకోమని ఎవరూ అనలేదు.

లోపల సాలెగూడు పరుచుకుని ఉంది. సన్నటి తెల్లటి వేళ్ళు గాజు అంచు నుంచి మధ్యదాకా పాకి, చలికాలం కిటికీ అద్దం మీద మంచులా అల్లుకున్నాయి. చూడ్డానికి బాగుంది కూడా. దాంట్లోంచి మాత్రం ఇంకేదీ చూడలేరు.

"నీకూ వద్దు, వాడికీ వద్దు అనుకునే ఇచ్చాను," అమ్మ గుమ్మంలోంచి అంది. "మీ ఇద్దరిలో ఎవడైనా దానికి తగినవాడని అనిపిస్తే, అది పాడైనందుకు ఏడ్చేదాన్నే. ఏడుపు రాలేదు."

పెద్దవాడు మూత మళ్ళీ బిగించాడు. వెనక మూత కూడా. బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. ఆ తలలో బాధ ఉందో, కొట్టాయన ఎంత నవ్వుకుని ఉంటాడో అన్న లెక్క ఉందో చెప్పడం కష్టం.

కింద మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఎవరది?" అన్నాడు.

"మీ తమ్ముడే," అంది పెద్దకోడలు. "మీరు మీ అమ్మగారి మీద అరుస్తున్నప్పుడే నేనే ఫోన్ చేశాను. తర్వాత నన్నే దొంగని చేస్తారు, మాటసాయానికి ఒక్కడైనా ఉంటాడని. లెన్సు దొరికిందని మాత్రమే చెప్పాను."

పెద్దవాడు తలెత్తాడు. భార్యని చూశాడు, అమ్మని చూశాడు, బల్ల మీద మూతలు బిగించుకుని నల్లగా నిగనిగలాడుతున్న లెన్సుని చూశాడు. అతని మొహంలో ఒక్కో గీతా సర్దుకుంది. ఇంతసేపట్లో ఆ బుర్ర పనిచెయ్యడం ఇదే మొదటిసారి. అది చూసి సంతోషించాల్సిందేమీ లేదు.

చిన్నవాడు గుమ్మంలో నిలబడ్డాడు. అన్నకి అన్నీ ఉన్నట్టే ఇతనికీ ఉన్నాయి, కాస్త చిన్న కొలతలో: అదే ముక్కు, అదే బిగుసుకున్న దవడ. పంపకాలయ్యాక అన్న ఇంట్లో ఉండగా ఈ మెట్లెక్కడం ఇదే మొదటిసారి. ఎక్కేముందు మాట సిద్ధం చేసుకున్నాడు.

"వదిన ఫోన్ చేసింది. చూడన్నయ్యా, ముందే చెప్తున్నా. అది ఎక్కడ దొరికినా, ఎవరు కొన్నా, సగం నాది. ఈసారి అమ్మ అడ్డం వచ్చినా ఊరుకోను."

"సగం ఎందుకురా?" అన్నాడు పెద్దవాడు. "మొత్తం తీసుకో."

చిన్నవాడికి సిద్ధం చేసుకున్న మాటలు అయిపోయాయి.

"ఏంటి?"

"తీసుకోరా తమ్ముడూ. ఒక లెన్సు కోసం ఒక కడుపున పుట్టినవాళ్ళం మొహాలు చూసుకోకుండా బతకాలా? నేనే కొన్నాను, నేనే ఇస్తున్నాను. నీ చేతిలో ఉంటే నాన్న దగ్గరున్నట్టే."

గొంతు సన్నగా వణికింది కూడా. గొడుక్కి పొలమారింది, నోట్లో ముద్ద లేకుండానే.

చిన్నవాడు మెల్లగా బల్ల దగ్గరికి వచ్చాడు. లెన్సుని రెండు వేళ్ళతో ఎత్తాడు, పెద్ద ఇష్టం లేనట్టు. ఎర్ర చుక్క కోసం చూడలేదు. మూత మీద చెయ్యి వెయ్యలేదు. తండ్రి నేర్పిన విద్య ఇతనికీ నరనరానా ఉంది. కానీ కళ్ళు మాత్రం తడయ్యాయి. దానికి విద్య లేదు.

"నేను నిన్ను ఎన్ని మాటలన్నానో అన్నయ్యా," అన్నాడు. "పైకి నవ్వేవాణ్ణి కానీ, బజార్లో నీ ఫోటోలు చూసినప్పుడల్లా నాన్న లైట్లు అన్నయ్య దగ్గరుంటే ఇలా ఉండవు కదా అనిపించేది. రేపు లైట్లన్నీ తెచ్చేస్తాను. నా షాపు మూసేస్తాను. కింద ఇద్దరం కలిసే చేసుకుందాం. ఏమంటావు?"

పెద్దవాడు కుర్చీలో వెనక్కి జరిగాడు. చెత్త వస్తువు ఒకటి వదిలించుకుని తమ్ముడి నోరు మూయిద్దామనుకున్నాడు. తమ్ముడు తిరిగి వస్తాడని లెక్కలోకి తీసుకోలేదు. నాన్న లైట్లు. ఆ లైట్ల కింద మనుషులు మనుషుల్లా కనపడేవాళ్ళు. చెయ్యి తమ్ముడి వైపు సగందాకా వెళ్ళి ఆగింది. ఈసారి అది వేషం కాదు, అందుకే ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఒరేయ్ చిన్నోడా," అంది అమ్మ. "మూత తీసి చూసుకో."

చిన్నవాడు నవ్వాడు. "అన్నయ్య ఇచ్చినదాన్ని పరీక్ష చెయ్యమంటావేంటమ్మా?"

"చెయ్యమనే అంటున్నా."

"ఎందుకులే అమ్మా," పెద్దవాడు గబగబా అన్నాడు. "వాడు అలిసిపోయి వచ్చాడు. ముందు భోజనానికి కూర్చోనీ. ఏమే, తమ్ముడికి కంచం పెట్టు."

పెద్దకోడలు కదల్లేదు. ఇందాక గడప దాటమన్న నోరే అది. ఆమె భర్త వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు. కోపం దాకా వెళ్ళేంత విలువ అతనికి మిగల్లేదు.

అమ్మ గదిలోకి వెళ్ళింది. మంచానికి బిగించిన దీపం ఊడదీసి, తీగ చుట్టుకుంటూ వచ్చింది. హాలు గోడకున్న ప్లగ్గులో పెట్టి, బల్ల అంచుకి బిగించి, మెడ వంచింది. గుండ్రటి తెల్లటి వెలుగు కూరగిన్నె మీదా, కూజా మీదా, చిన్నవాడి చేతిలో ఉన్న లెన్సు మీదా పడింది. కొంచెం వెలుగు ఎదురుగా కూర్చున్న పెద్దవాడి మొహం మీద కూడా పడింది.

మంచి దీపమే. ఏ గీతా దాచడం లేదు.

చిన్నవాడు లెన్సు వైపు చూడలేదు. అన్న మొహం వైపు చూశాడు. ఎన్ని మసక ఫోటోలు తీసినా, వెలుగులో కూర్చున్న మనిషి మొహం చదవడం ఒక్కటి అతనికి వచ్చు. చిన్నవాడి పెదాల మీద నవ్వు అలాగే ఉంది, దాని వెనక ఎవరో దీపం ఆర్పినట్టు.

బొటనవేలు మూత అంచు మీదికి జరిగింది.

"తియ్యనా అన్నయ్యా?"